బానిసలెవరూ లేరని రాసే ముందు తుక్కు షెడ్డులో అడ్వాన్సు పుస్తకం చూడండి

మీరడిగింది ఇదీ: ఒంగోలులో చెత్త సేకరణ కంపెనీ నడుపుతున్నారు, 140 మంది పనివాళ్ళు. అపార్టుమెంట్లు, హోటళ్ళు, రెండు ఫ్యాక్టరీల నుంచి చెత్త ఎత్తుతారు. ఆ ఫ్యాక్టరీల్లో ఒకటి విదేశీ యాజమాన్యానిది. వాళ్ళు "ఆధునిక బానిసత్వ నివారణ" పేరుతో పద్నాలుగు పేజీల ఫారం పంపారు. మా దగ్గర బానిసలెవరూ లేరు కదా, ఇందులో ఏం రాయాలి, పాలసీ నమూనా ఏదైనా ఇస్తారా, పరిశీలన ఎలా చేయాలి అని అడిగారు.

నమూనా నేనివ్వను. నెట్‌లో వెతికితే వంద దొరుకుతాయి. ఏదో ఒకటి తీసి పేరు మార్చి పంపితే ఫారం పాసైపోతుంది కూడా. నేను నెల్లూరులో ఇరవై రెండేళ్ళు ఈ పనిలోనే ఉన్నాను. సూపర్‌వైజరుగా చేరి ఆపరేషన్స్ మేనేజరుగా బయటికొచ్చాను. ఇప్పుడు చిన్న కంపెనీలకు లేబరు రికార్డులు సరిచేసి పెడుతుంటాను. "మా దగ్గర అట్టాంటి వాళ్ళు లేరు" అని నేనూ పదేళ్ళు చెప్పాను. అబద్ధమాడలేదు. "మా దగ్గర" అంటే మా జీతాల రిజిస్టరు అనుకున్నాను, అంతే.

ముందు ఈ ఫారం మీ దాకా ఎందుకొచ్చిందో చెప్తాను, టెన్షన్ సగం తగ్గుతుంది. బ్రిటన్‌లో 2015లో ఆధునిక బానిసత్వ చట్టం వచ్చింది. దాని 54వ సెక్షన్ ప్రకారం ఏడాదికి 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, అంతకు మించి టర్నోవరు ఉన్న కంపెనీలు తమ వ్యాపారంలోనూ, తమకు సరుకూ సేవలూ అందించేవాళ్ళ దగ్గరా బానిసత్వం లేకుండా ఏం చేశారో ఏటా ఒక ప్రకటన ఇవ్వాలి. డైరెక్టరు సంతకం పెట్టాలి. ఏమీ చేయకపోతే "మేమేమీ చేయలేదు" అని రాసినా ఆ చట్టానికి చాలు. కానీ అలా రాసుకోవడానికి ఏ పెద్ద కంపెనీ ఇష్టపడుతుంది? అందుకే తమకు పనిచేసే ప్రతి కాంట్రాక్టరుకూ ఫారం పంపుతారు. మన దేశంలోనూ షేరు మార్కెట్లో ఉన్న మొదటి వెయ్యి కంపెనీలు బాధ్యతాయుత వ్యాపారం మీద సెబీకి నివేదిక ఇవ్వాలి, అందులోనూ వెట్టి, బాలకార్మికుల గురించిన ప్రశ్నలున్నాయి. అంటే ఇవాళ ఒకరు అడిగారు, రేపు ఇంకొకరు అడుగుతారు.

ఇక "బానిస" అనే మాట. సంకెళ్ళు, కొరడా గుర్తొచ్చి మనం వెంటనే లేరనేస్తాం. మన చట్టం చూసేది వేరు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం అప్పు చూపించి మనిషిని పనికి కట్టేయడాన్ని రద్దు చేసింది. ఢిల్లీ ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో 1982లో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది: కనీస వేతనం కంటే తక్కువకు పనిచేయించుకుంటే అది కూడా బలవంతపు చాకిరీయే, ఎందుకంటే ఆకలి కూడా బలవంతమే. ఈ ముక్క ఒక్కసారి మీ సబ్‌కాంట్రాక్టరు ఇస్తున్న కూలి పక్కన పెట్టి చూడండి. నేను చూసిన కంపెనీల్లో చాలావాటికి అక్కడే చెమటలు పట్టాయి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ బలవంతపు చాకిరీకి పదకొండు గుర్తులు చెప్తుంది. అప్పులో ఇరికించడం, కార్డులు దగ్గర పెట్టుకోవడం, కూలి ఆపడం, కదలనివ్వకపోవడం, బెదిరింపు, మోసం వగైరా. పదకొండూ బట్టీ పట్టనక్కర్లేదు. మన వైపు దాదాపు అన్నీ ఒక్క దగ్గర మొదలవుతాయి: అడ్వాన్సు.

నేను కళ్ళు తెరిచిన రోజు చెప్తాను. మా కంపెనీ పొడి చెత్తను నెల్లూరు బయట ఒక తుక్కు షెడ్డుకు అమ్మేది. సీసాలు, అట్టలు, కవర్లు వేరుచేసి కాటా పెట్టి పైవాళ్ళకు పంపడం ఆ షెడ్డు పని. ఆరు యానాది గిరిజన కుటుంబాలు షెడ్డు వెనక పట్టలు కట్టుకుని ఉండేవి. నేను వారానికోసారైనా పోయేవాణ్ణి. ఓనరు టీ తెప్పించేవాడు, తాగి బిల్లు చూసుకుని వచ్చేవాణ్ణి. చూడ్డానికి అంతా బాగానే ఉండేది. తాళం లేదు, గేటు లేదు, ఎవరూ ఎవర్నీ కొట్టేవాళ్ళు కాదు. ఒకరోజు ఒకామె బండి దగ్గరికొచ్చి, "సామీ, రేపు మా యక్క దినం, కావలి పోవాల. చిన్నదాన్ని ఈడ్నే ఉంచి పొమ్మంటన్నాడు, మీరొక మాట చెప్పండి సామీ" అంది.

నాకు మొదట అర్థం కాలేదు. పాపను ఎందుకు ఉంచాలి? ఓనర్ని అడిగితే దాచుకోలేదు కూడా. "పోతే రారన్నా వీళ్ళు. నా నలభై వేలు ఎవుడిస్తాడు?" అన్నాడు. వాడి దృష్టిలో అది ఎవరైనా అడగాల్సిన పూచీకత్తు. బైకు తాకట్టు పెట్టుకున్నట్టు పిలకాయల్ని తాకట్టు పెట్టుకున్నాడు.

ఆ నలభై వేల లెక్క చూపించమన్నాను. కాటా బల్ల సొరుగులోంచి పొడుగాటి నోటుపుస్తకం తీశాడు. రెండేళ్ళ కింద ఆ కుటుంబానికి ఇచ్చింది పదిహేను వేలు, కాన్పు ఖర్చుకు. అప్పటినుంచి రోజూ గోతాల లెక్కన కూలి జమ, బియ్యం నూనె ఖర్చు. బియ్యం వాడి బావమరిది కొట్టు నుంచే. సీసాలు బయట పలికే ధరలో సగం కంటే తక్కువకు జమ. తడి ఉంటే కోత. జ్వరం వచ్చి పనికి రాని రోజుకు జమ లేకపోగా "నాగా" అని వంద తీసివేత. దంపతులిద్దరూ, పదమూడేళ్ళ కొడుకూ రెండేళ్ళు పనిచేస్తే అప్పు పదిహేను నుంచి నలభైకి పెరిగింది. ఆధార్, రేషన్ కార్డులు కూడా అదే సొరుగులో ఉన్నాయి, "వానకు తడుస్తాయని". కూడికలో తప్పు లేదు. ఆ పుస్తకం ఎవరు ఆడిట్ చేసినా కూడిక సరిపోతుంది.

అప్పుడు నేను చేసిన పని చెప్తే మీరు మెచ్చుకుంటారేమో, కానీ అది తప్పు. కంపెనీ డబ్బు కొంత, నా డబ్బు కొంత కలిపి నలభై వేలు కట్టేసి ఆ కుటుంబాన్ని పంపించేశాను. పుణ్యం చేశాననుకున్నాను. మూడు వారాల్లో ఆ డబ్బుతోనే ఓనరు ఇంకో రెండు కుటుంబాలకు అడ్వాన్సు ఇచ్చి తెచ్చుకున్నాడు. తర్వాత ఒక వకీలు చట్టం చూపించి తిట్టాడు. 1976 చట్టంతో వెట్టి అప్పులన్నీ రద్దయిపోయాయి, కట్టాల్సింది పైసా లేదు. రద్దయిన అప్పుకు డబ్బు పుచ్చుకోవడమే 9వ సెక్షన్ కింద నేరం, మూడేళ్ళ దాకా జైలు. అంటే నేను ఓనరుతో నేరం చేయించాను, పైగా ఆ కుటుంబానికి ప్రభుత్వం నుంచి రావాల్సింది రాకుండా చేశాను.

సరైన దారి ఏమిటంటే కలెక్టరుకు గానీ, ఆర్డీవో లేదా సబ్‌కలెక్టరుకు గానీ రాతపూర్వకంగా చెప్పడం. విచారణ చేసి, వెట్టి నుంచి విడుదలైనట్టు రిలీజ్ సర్టిఫికెట్ ఇచ్చే అధికారం వాళ్ళది. ఆ కాగితం లేకపోతే పనివాడు బయటపడ్డా రేపు ఎవడో వచ్చి బాకీ అంటాడు. తక్షణ సాయంగా 30,000 రూపాయల వరకు ఇస్తారు. తర్వాత పునరావాసం కింద మగవాళ్ళకు లక్ష, ఆడవాళ్ళకూ పిల్లలకూ 2 లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో 3 లక్షలు. ఆ పెద్ద మొత్తం కేసు తేలాకే, అందుకే ఎఫ్ఐఆర్ లేకుండా కథ ముగించకూడదు. అది వెట్టి అప్పు కాదని రుజువు చేసుకోవాల్సింది అప్పిచ్చినవాడే, 15వ సెక్షన్. పనివాడి దగ్గర కాగితం లేదే అని మీరు భయపడనక్కర్లేదు. ఉచితంగా వకీలు కావాలంటే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100, పిల్లలుంటే 1098. యానాదులైతే నెల్లూరులో వాళ్ళ కోసమే ఉన్న గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏకు కూడా ఒక కాపీ పంపండి. చాలా కుటుంబాలకు ఆధార్ ఉండదు, అది లేక మిగతా ఏదీ కదలదు.

ఒక సంగతి మాత్రం మర్చిపోవద్దు. యానాదిని పట్టుకుని "పద, స్టేషన్లో కంప్లైంట్ ఇద్దాం" అంటే రాడు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో, పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేసే నేరస్థ జాతుల చట్టం కింద, మా నెల్లూరు జిల్లాలో యానాదుల్ని కప్పరాళ్ళతిప్ప సెటిల్మెంటులో పెట్టి హాజరు వేయించుకునేవాళ్ళు. యానాదుల కోసం పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్యగారి లాంటివాళ్ళు ఏళ్ళ తరబడి కొట్లాడితే గానీ ఆ ముద్ర పోలేదు. కాగితాల మీద పోయింది. ఖాకీ చూస్తే గుండె దడ పోవడానికి ఇంకా టైం పడుతుంది. అందుకే ముందు ఆర్డీవో, తోడుగా వాళ్ళకు తెలిసిన మనిషి. పోలీసు తర్వాత.

షెడ్డు సంగతి బయటపడగానే "వాడితో వ్యాపారం కట్" అని ఈమెయిల్ పెట్టి చేతులు దులుపుకోవద్దు. ఫారంలో అది బాగా కనిపిస్తుంది. అక్కడున్న జనానికి మాత్రం ఉన్నపళంగా పని పోతుంది, వాళ్ళను ఓనరు రాత్రికి రాత్రి ఇంకో చోటికి, బహుశా ఇటుక బట్టీకో చేపల గుంటల కాపలాకో అప్పుతో సహా అమ్మేస్తాడు. అవును, అప్పు అమ్మడమంటే మనిషిని అమ్మడమే. ముందు మనుషులు క్షేమంగా బయటికి రావాలి, తర్వాత మీ తెగతెంపులు.

ఇప్పుడు మీ సొంత ఇంటికి వద్దాం. ఈ అడ్వాన్సును పుట్టించేది ఎక్కువసార్లు మనమే. చెత్త ఎత్తిన డబ్బు మాకు రావాల్సిన సంస్థ నుంచి నాలుగు నెలలు ఆగిందనుకోండి. మేము మేస్త్రీకి, అంటే పనివాళ్ళను తెచ్చే సబ్‌కాంట్రాక్టరుకు, ఆపుతాం. మేస్త్రీ పనివాళ్ళకు ఆపుతాడు. కానీ తిండి ఆగదు కదా. రెండో నెల నుంచి వాళ్ళు అదే మేస్త్రీ దగ్గర "చేబదులు" తీసుకుంటారు. తమకు రావాల్సిన కూలినే తాము అప్పుగా తెచ్చుకుంటున్నారన్నమాట, వడ్డీతో. నాలుగు నెలల తర్వాత బిల్లు వచ్చినా అది వడ్డీకే సరి. ఇక పనివాడు వదిలి పోలేడు. ఏ చెడ్డవాడూ లేకుండానే ముప్పై మంది వెట్టిలోకి దిగిపోయారు. మా సైట్లో కళ్ళారా చూశాను, ఆ నాలుగు నెలలూ నా జీతం మాత్రం ఒకటో తారీకున పడింది.

కాబట్టి మీ దగ్గర మొదటి నివారణ పాలసీ కాదు, బ్యాంకులో రెండు నెలల జీతాల డబ్బు పక్కన ఉంచడం. కస్టమరు ఎప్పుడిచ్చినా పనివాడికి ఏడో తారీకు లోపల పడాలి. మేస్త్రీ ఇవ్వకపోతే అసలు యజమానే ఇవ్వాలని పాత కాంట్రాక్టు కార్మిక చట్టంలోనూ ఉంది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబరు కోడ్‌లలోనూ ఉంది. వాడికిచ్చేశానండీ అంటే కుదరదు.

రెండోది రేటు. టెండరు వేసేటప్పుడు పోస్టుకు ఒక మనిషి అని లెక్క కడతారు. చెత్త ఏడు రోజులూ ఎత్తాలి, మనిషికి వారానికో సెలవు ఉండాలి. అంటే ఆరు పోస్టులకు ఏడుగురు కావాలి. కనీస వేతనం మీద పీఎఫ్ మీ వాటా చార్జీలతో 13 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం, బోనసు కనీసం 8.33 శాతం, సెలవుల జీతం, గ్లవ్స్, బూట్లు. ఇవన్నీ కూడితే వచ్చే అంకె కంటే తక్కువకు ఎవడైనా కోట్ చేశాడంటే ఆ తేడా ఎవరి పొట్టలోంచో తీస్తున్నాడని అర్థం. మీరు మేస్త్రీకి ఇచ్చే రేటును కూడా ఇలాగే కూడి చూడండి. సరిపోకపోతే మీ మేస్త్రీ వెట్టి చేయించుకోక తప్పని రేటు మీరే ఇచ్చారన్నట్టు. ఇంకేం ఆడిట్ చేస్తారు?

అడ్వాన్సులు నిషేధిస్తూ సర్క్యులర్ వేయొద్దు. నేను వేశాను, నవ్వులపాలయ్యాను. జూన్‌లో బడి ఫీజులు, ఆస్పత్రి, పెళ్ళి ఎవరికైనా వస్తాయి. కంపెనీ ఇవ్వకపోతే మేస్త్రీ ఇస్తాడు. కంపెనీయే వడ్డీ లేకుండా ఒక నెల జీతం మించకుండా ఇవ్వాలి, నెలనెలా కొద్దికొద్దిగా కోసుకోవాలి. పని మానేస్తే మిగిలింది మాఫీ అని ముందే రాసివ్వాలి. ఆ చివరి మాటే ప్రాణం. బాకీ ఉన్నవాడు రేపు పొద్దున చెప్పాపెట్టకుండా మానేసి పోగలిగితే అది అప్పు, పోలేకపోతే వెట్టి. మా దగ్గర అలా పెట్టాక మానేసి డబ్బు ఎగ్గొట్టినవాళ్ళు ఏడాదికి నలుగురైదుగురు, దాని ఖర్చు బండ్ల పంక్చర్ల ఖర్చు కంటే తక్కువ. దీనికి తోడు పొదుపు సంఘాలు. సారా ఉద్యమం దూబగుంట నుంచి రాజుకున్న జిల్లా మాది, ఆ వెంటే పొదుపు కూడా పుంజుకుంది. సంఘంలో ఉన్న ఆడమనిషి ఉన్న ఇంటికి మేస్త్రీ అడ్వాన్సు పెద్దగా ఎక్కదు. బయటి ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళు, ఒడిశా కుర్రాళ్ళు, యానాదులు సంఘాల్లో ఉండరు, అందుకే వలలో పడేదీ వాళ్ళే.

పరిశీలన ఎలా చేయాలో కూడా అడిగారు. మేస్త్రీని వెంటబెట్టుకుని పోతే మీకు కనిపించేది మేస్త్రీయే. చెత్త పని తెల్లారుజామున నాలుగున్నరకు మొదలవుతుంది, అప్పుడు పోండి. "మీకు ఇబ్బందులున్నాయా?" అని అడిగితే "ఏం లేవు సార్" అంటారు, అందరూ, ఎప్పుడూ. నేను అడిగేవి వేరు. చివరిసారి ఊరికి ఎప్పుడు పోయారు, ఎవర్ని అడిగి పోయారు? ఏటీఎం కార్డు ఎక్కడుంది, పిన్ను ఎవరికి తెలుసు? జీతం బ్యాంకులో వేస్తున్నాం కదా అని మనం ధీమాగా ఉంటాం. జీతాల రోజు ఏటీఎం దగ్గర నిలబడితే ఒకే మనిషి లుంగీ మడతలోంచి పదహారు కార్డులు తీసి ఒక్కొక్కటే గీకడం కనిపిస్తుంది. నేను చూశాను, వాడు మా మేస్త్రీయే, నాకు నమస్కారం కూడా పెట్టాడు. రిజిస్టర్లో ఉన్న మనిషీ చీపురు పట్టుకున్న మనిషీ ఒకరేనా, బయోమెట్రిక్ వేసి ఇంకెవర్నైనా పంపుతున్నారా, పద్దెనిమిది నిండినట్టు కనిపిస్తున్నారా అన్నది కూడా అప్పుడే తేలుతుంది.

ఫిర్యాదుల పెట్టె గోడకు తగిలించొద్దు, చదువు రానివాడు అందులో ఏం వేస్తాడు? ఒక ఫోను నంబరు చాలు, ఎత్తేది ఆడమనిషి అయితే మంచిది, మేస్త్రీలకు చుట్టం కాకపోతే ఇంకా మంచిది.

ఎక్కడెక్కడ చూడాలంటే, చెత్త వ్యాపారంలో ప్రమాదం కొనే వైపు కంటే అమ్మే వైపు ఎక్కువ. యూనిఫాం కుట్టేవాళ్ళు, డ్రైవరుతో సహా అద్దెకిచ్చే ఆటోలు, గ్లవ్స్, ఇవన్నీ అడగాల్సినవే. మలేసియాలో కొన్ని గ్లవ్స్ ఫ్యాక్టరీల పనివాళ్ళు ఏజెంట్ల అప్పుల్లో ఇరుక్కున్నారనే 2020లో అమెరికా వాటి దిగుమతులు ఆపింది. కానీ మీరు ఒంగోలు నుంచి మలేసియా దాకా పోయి చూడలేరు. మీ బండి రోజూ సరుకు దించే షెడ్డు పది కిలోమీటర్ల దూరంలోనే ఉంది. ఆ షెడ్డు నుంచి ప్లాస్టిక్ ముక్క కొట్టే మిషను, వైర్లు కాల్చి రాగి తీసే చోటు. ఈ మూడూ చూస్తే మీ గొలుసులో ముప్పాతిక ప్రమాదం చూసినట్టే అని నా అంచనా. షెడ్డుతో ఒప్పందంలో కాటా పుస్తకం మేం ఎప్పుడడిగినా చూపించాలి, కార్డులు దగ్గర పెట్టుకోకూడదు అని రెండు వాక్యాలు చేర్చండి. ఒప్పుకోనివాడు ఎందుకు ఒప్పుకోలేదో మీకు తెలిసిపోతుంది.

ఫారంలో "ప్రమాదం లేదు" గడిలో టిక్కు పెట్టకండి. ఉన్నది రాయండి: మాకు ఇంతమంది మేస్త్రీలు, ఇన్ని షెడ్లు, ఫలానా నెలలో ఇన్నింటికి పోయి చూశాం, రెండు చోట్ల అడ్వాన్సు పుస్తకాలు కనిపించాయి, ఇదీ చేశాం. బిల్లు మీరు 45 రోజుల్లో ఇస్తే మా పనివాళ్ళు అప్పు చేయాల్సిన పని ఉండదని కూడా రాయండి. ఇది మొరటుగా ఉంటుందని మీకనిపించొచ్చు. నేను రాయించిన ఒక కంపెనీకి అవతలివాళ్ళు నిజంగానే గడువు తగ్గించారు, వాళ్ళకూ చూపించుకోవడానికి ఒక పని దొరికింది మరి.

ఫారం గడువు ఇంకా మూడు వారాలుందన్నారు. ఈ ఆదివారం తెల్లారి మీ పొడి చెత్త దిగే షెడ్డుకు ఒక్కరే పోండి, కారు దూరంగా ఆపి. టీ తాగకండి. సొరుగులో ఏముందో చూపించమనండి. ఏం కనిపించిందో రాస్తే తర్వాతి సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.